2020లో మన టీవీల్లో అసలు నంబర్ వన్ ఏది?

గోదారి_గట్టు
2020 అయిపోయి 2021 జనవరి వచ్చేసింది కదా, వాట్సాప్ గ్రూపుల్లో 2020 టీవీ రికార్డులంటూ లిస్టులు తెగ తిరుగుతున్నాయి. ఒకదాంట్లో దూరదర్శన్ రామాయణం 7.7 కోట్ల మంది చూశారు, ప్రపంచ రికార్డు అని ఉంది. ఇంకోదాంట్లో ఐపీఎల్ మొదటి మ్యాచ్‌కి 20 కోట్లు అన్నారు. మా తమ్ముడేమో అల వైకుంఠపురములో సినిమాకి 29.4 వచ్చింది, దాన్ని కొట్టింది ఇంకోటి లేదు అంటాడు. మా అత్తగారి దృష్టిలో కార్తీకదీపం తప్ప మిగతావన్నీ ప్రకటనలే. 7.7, 20, 29.4... ఇవన్నీ ఒకే కొలతా? వేరువేరైతే పక్కపక్కన పెట్టి ఎలా పోలుస్తున్నారు? మొన్న ఆదివారం భోజనాల దగ్గర దీని మీద నిజంగానే గొడవ అయింది. తెలిసినవాళ్లు ఎవరైనా విడమర్చి చెప్పండి.

బన్నీ_ఫ్యాన్_వైజాగ్
ఇందులో డౌట్ ఏముంది. 29.4. ఆగస్టు 16న జెమినిలో వేశారు. థియేటర్లో ఎగబడి చూశాం, ఫిబ్రవరి చివర్లో నెట్‌ఫ్లిక్స్, సన్ నెక్స్ట్‌లో వచ్చినప్పుడు మళ్లీ చూశాం, అయినా టీవీలో వేసేసరికి ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. మీ తమ్ముడే కరెక్ట్.

సూపర్‌స్టార్_గుంటూరు
సరిలేరు నీకెవ్వరు మర్చిపోయారు. ఉగాది రోజు, మార్చి 25న వేస్తే 23.4. బాహుబలి రెండో భాగం పేరు మీదున్న 22.7ని దాటింది. అప్పటికి తెలుగులో అదే టాప్.

బన్నీ_ఫ్యాన్_వైజాగ్
అప్పటికి. ఐదు నెలలు కూడా నిలవలేదు కదా అన్నా.

సూపర్‌స్టార్_గుంటూరు
నిలవకపోతే ఏం, రికార్డు రికార్డే.

వైజాగ్_వనజ
హీరోల గొడవ ఇక్కడికి తేకండి బాబూ. ఇంకో విషయం, ఉగాది రోజే లాక్‌డౌన్ మొదలైంది. గుడి లేదు, బంధువుల రాకపోకలు లేవు, బయట కాలు పెట్టే వీలే లేదు. ఆ రోజు ఏ కొత్త సినిమా వేసినా జనం చూసేవాళ్లు.

సూపర్‌స్టార్_గుంటూరు
ఏ సినిమా వేసినా 23 రాదు మేడం.

స్లాట్_పాపారావు
హైదరాబాద్‌లో యాడ్ ఏజెన్సీలో పనిచేస్తాను, టీవీల్లో స్లాట్లు కొనడమే నా పని. గోదారి_గట్టు గారు అడిగిన దాంట్లోనే జవాబు ఉంది. ఈ మూడూ మూడు రకాల లెక్కలు.

ఐపీఎల్ 20 కోట్లు రీచ్. అంటే ఆ మ్యాచ్ మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చి కాసేపు చూసినవాళ్లంతా అందులో ఉంటారు. టాస్ చూసి లేచిపోయినవాడూ ఒకటే, చివరి బంతి దాకా కదలనివాడూ ఒకటే.

29.4 అనేది టీఆర్పీ. ఇది మనిషి లెక్కతోపాటు ఎంతసేపు చూశారన్నది కూడా కలిపి తీసే సగటు శాతం. వందమంది ఉన్నచోట 30 మంది సినిమా మొత్తం చూస్తే 30 వస్తుంది. 60 మంది తలా సగం సినిమా చూసినా 30యే వస్తుంది. పైగా ఇది మన రెండు రాష్ట్రాల మార్కెట్‌లో శాతం. ఢిల్లీ, పాట్నాల్లో వాళ్లకి ఇందులో లెక్కే లేదు.

7.7 కోట్లు దేశం మొత్తం మీద తలల లెక్క. టీవీ రేటింగులు లెక్కగట్టే సంస్థ బార్క్ అంచనాలో టీవీ చూసేవాళ్లు దేశంలో 83.6 కోట్లు. అంటే రామాయణాన్ని ఆ రోజు చూసింది పదిమందిలో ఒకరికంటే కాస్త తక్కువ. తెలుగు ఇళ్లలో అల వైకుంఠపురములో సినిమాకి అంతకు మూడింతల శాతం వచ్చింది. కానీ తలలు లెక్కపెడితే రామాయణమే చాలా ఎక్కువ. ఎవరికి కావలసిన లెక్క వాళ్లు పట్టుకుంటున్నారు, గొడవంతా అక్కడే.

గోదారి_గట్టు
ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదండీ. 60 మంది సగం సగం చూసిన ముక్క ఇప్పుడే మా తమ్ముడికి పంపించాను.

పాత_యాంటెన్నా
రామాయణం గురించి ఒక మాట. ఏప్రిల్ 16 ఎపిసోడ్‌కి 7.7 కోట్లు, ప్రపంచంలో అత్యధికంగా చూసిన వినోద కార్యక్రమం అని దూరదర్శన్ వాళ్లే ట్వీట్ పెట్టారు. అది నిలబడదు. అమెరికాలో మాష్ అనే సీరియల్ చివరి ఎపిసోడ్‌ని 1983 ఫిబ్రవరి 28న పది కోట్లకు పైగా చూశారు. మన రామాయణాన్ని ప్రేమించేవాళ్లలో నేను ముందుంటాను. అందుకే చెప్తున్నా, లేని రికార్డు అంటగట్టి దాన్ని చిన్నబుచ్చొద్దు. ఉన్న గొప్ప చాలదా?

కరీంనగర్_కిరణ్
సార్, పెద్ద రికార్డు ఏమంటే, రిమోట్‌లో దూరదర్శన్ నంబర్ ఎంతో కూడా గుర్తులేని జనం దాన్ని వారాల తరబడి దేశంలో నంబర్ వన్ ఛానల్‌గా నిలబెట్టారు. ముప్పై ఏళ్లు దాటిన సీరియల్‌తో.

పాత_యాంటెన్నా
అదీ మాట. 1987 జనవరిలో మొదలై 88 జూలై దాకా ఆదివారం పొద్దున వచ్చేది. ఎవరు ఏం చూస్తున్నారో కొలిచే మీటర్లు మన దేశానికి ఇంకా రాని రోజులు. కాబట్టి అప్పుడు ఎంతమంది చూశారో ఏ లెక్కా సరిగ్గా చెప్పలేదు. వీధికొక టీవీ, దాని ముందు వీధంతా. అందుకే 2020తో పోలిక పెట్టడం నాకు ఇష్టం ఉండదు. ఈసారి మార్చి 28 నుంచి రోజూ ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి వేశారు. మా మనవరాలికి హిందీ రాదు. పక్కన కూర్చుని ప్రతి మాటా చెప్పమనేది. కైకేయి వరాలు అడిగే ఘట్టంలో నేను చెప్పడం ఆపేస్తే, నా మోకాలు పట్టుకుని కుదిపి "తర్వాత ఏమంది తాతా" అని ఒకటే అడగడం. ఆ పిల్ల చూసింది కూడా 7.7 కోట్లలో ఒకటిగా ఎవరైనా లెక్కేశారో లేదో గానీ, నాకు మాత్రం ఈ ఏడాదిలో టీవీ అంటే అదే.

వైజాగ్_వనజ
ఎంత బాగా రాశారండీ.

నిజామాబాద్_నవీన్
ఇంతమంది ఇన్ని చెప్పారు, అసలు పెద్ద నంబర్ ఎవరూ ఎత్తలేదు. మార్చి 24 రాత్రి ప్రధాని లాక్‌డౌన్ ప్రకటించిన ప్రసంగం చూసింది 19.7 కోట్ల మంది, బార్క్ లెక్క. ఏప్రిల్ 14న పొడిగింపు చెప్పినప్పుడు 20.3 కోట్లు. రీచ్ లెక్కలోనే చూస్తే ఐపీఎల్ కూడా దానికి సరిసమానమే.

స్లాట్_పాపారావు
నిజమే నవీన్ గారూ, ఒక తేడా గమనించండి. ఆ ప్రసంగం దాదాపు రెండు వందల ఛానళ్లలో ఒకేసారి వచ్చింది. ఏ బటన్ నొక్కినా అదే. మ్యాచ్ స్టార్ ఛానళ్లలోనే వచ్చింది, వద్దనుకుంటే పక్కకి వెళ్లొచ్చు.

నిజామాబాద్_నవీన్
బటన్ సంగతి కాదు సార్. రేపు కూలికి పోవాలా వద్దా, ఊరికి బస్సు ఉంటుందా ఉండదా అని ఆ రోజు ఇంటింటా టెన్షన్. మా నాన్న నిలబడే చూశాడు, కూర్చోలేదు. దాన్ని వినోదంతో పోల్చొద్దనే నా ఉద్దేశం కూడా.

స్లాట్_పాపారావు
అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను.

కరీంనగర్_కిరణ్
ఇంకో తమాషా గుర్తొచ్చింది. ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదికి తొమ్మిది నిమిషాలు దీపాలు పెట్టమన్నారు కదా. ఆ కాసేపట్లో టీవీ చూసేవాళ్లు 60 శాతం పడిపోయారు, 2015 నుంచి అంత తక్కువ ఎప్పుడూ లేదని బార్క్ చెప్పింది. ఏడాదంతా టీవీకి అతుక్కున్న దేశం అందరూ కలిసి ఆపేసింది ఒక్క ఆ తొమ్మిది నిమిషాలే!

బన్నీ_ఫ్యాన్_వైజాగ్
మైనస్ రికార్డు కూడా 2020దేనా, సూపర్.

ఏడున్నర_బ్యాచ్
అన్నిటి గురించీ మాట్లాడారు, కార్తీకదీపం వంటలక్క దగ్గరికి రావడానికి ఇంతసేపా? గోదారి_గట్టు గారి అత్తగారికి నా ఓటు. సినిమా ఒక్కరోజు. రామాయణం కొన్ని వారాలు. మ్యాచ్ ఒక సాయంత్రం. కార్తీకదీపం 2017 అక్టోబర్‌లో మొదలై, ఇప్పుడు రెండంకెల రేటింగ్‌తో నడుస్తోంది. షూటింగులు ఆగిపోయి ఆ మధ్య కొత్త ఎపిసోడ్లు లేకపోయినా, మళ్లీ మొదలవగానే జనం ఎక్కడ వదిలారో అక్కడే వచ్చి కూర్చున్నారు.

కరీంనగర్_కిరణ్
మా ఇంట్ల సెప్టెంబర్ 19 మర్చిపోలేను. ఈసారి మ్యాచ్‌లు ఎనిమిదికి కాకుండా ఏడున్నరకే పెట్టారు. కార్తీకదీపం డాక్టర్ బాబు టైమూ అదే. ముంబై, చెన్నై మొదటి మ్యాచ్. రిమోట్ అమ్మ చేతిలో ఉంది. నేను ఫోన్లో స్కోర్ చూసుకున్న.

ఏడున్నర_బ్యాచ్
హహ. దీని మీదే కదా మన తెలంగాణ అభిమాని ఒకాయన సీరియల్ టైమ్ మార్చండి, మా ఇంట్లో గొడవలవుతున్నాయని స్టార్ వాళ్లకి ట్వీట్ పెడితే, వాళ్లు ఏకంగా ఒక టీవీ పంపించారని వార్తల్లో వచ్చింది.

కరీంనగర్_కిరణ్
ట్వీట్ నేను పెట్టాల్సింది.

రాజమండ్రి_రవి
సీరియల్ వాళ్లు ఏమనుకోవద్దు. అదే ఏడుపు, అదే మోనిత కుట్ర, అదే డీఎన్ఏ టెస్ట్ చేయించుకోని డాక్టర్. రేటింగ్ వచ్చిందని గొప్పదైపోతుందా? ఖాళీగా ఉన్నవాళ్లు చూస్తారు, అంతే.

వైజాగ్_వనజ
ఖాళీగా ఉన్నవాళ్లు అన్నారు చూడండి, అక్కడే నాకు మండుతుంది. 2020లో ఖాళీగా ఉన్నది ఎవరు? అందరూ ఇంట్లోనే, మూడు పూటలా వంట, పనిమనిషి రాదు, పిల్లలకి బడి లేదు, మగవాళ్లకి ఆఫీసు ఇంట్లోనే. మా అక్క ఏడింటికల్లా చపాతీలు ఒత్తేసి, కూర మూత పెట్టి, స్టవ్ కట్టేసి వచ్చేది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ సోఫా అంచున కూర్చునేది. ఆ అరగంటలో ఎవరైనా మంచినీళ్లు అడిగితే "ఫ్రిజ్ అక్కడే ఉంది" అనేది. రోజు మొత్తంలో ఆమె తనకోసం అట్టిపెట్టుకున్న టైమ్ అదొక్కటే. మీకు నచ్చకపోతే చూడకండి. చూసేవాళ్లని ఖాళీ మనుషులు అనకండి.

ఏడున్నర_బ్యాచ్
వనజ గారూ, ఈ పోస్టుని పైన పిన్ చేయాలి.

రాజమండ్రి_రవి
నేను కథ గురించి అన్నాను మేడం, మీ అక్క గురించి కాదు. కథ సాగదీస్తున్నారన్న మాట మీద మాత్రం నిలబడతాను. పదిరోజులకి ఒక సంఘటన జరుగుతుంది.

డైలాగ్_డెస్క్
రవి గారూ, సాగదీతకి కారణం చెప్తాను. నేను సీరియళ్లకి మాటలు రాసే టీమ్‌లో ఉన్నాను, ఏదో చెప్పను. రేటింగ్ వారం శనివారంతో మొదలై శుక్రవారంతో ముగుస్తుంది. ఆ డేటా తర్వాతి గురువారం వస్తుంది. ఆ రోజు పొద్దుటి నుంచీ ఎవరి ఫోన్ మోగినా గుండె ఝల్లుమంటుంది. నిమిషం నిమిషానికీ గ్రాఫ్ ఉంటుంది. ఫలానా సీన్‌లో జనం పెరిగారు అంటే ఆ సీన్‌ని మళ్లీ మళ్లీ తిప్పి రాయమంటారు. నిజం బయటపడబోయే సీన్‌కి ఎప్పుడూ పెరుగుతుంది. బయటపడ్డాక తగ్గుతుందేమోనని భయం. అందుకే బయటపడదు.

2020లో ఇంకో కష్టం. మార్చిలో షూటింగులు ఆగాయి. పాత ఎపిసోడ్లు తిప్పితిప్పి వేశారు. జూన్‌లో మళ్లీ మొదలుపెడితే సెట్‌లో మనుషుల మీద పరిమితి. పెళ్లి సీన్ రాస్తే పదిమంది బంధువులని చూపించడానికి కుదరలేదు. తాతయ్య పాత్రలు చేసే పెద్దవాళ్లు రాలేకపోయారు, వాళ్లని ఫోన్లో మాట్లాడినట్టు రాశాం. రోజు కూలి మీద బతికే లైట్ బాయ్‌లు, మేకప్ అసిస్టెంట్లు ఆ మూడు నెలలు ఎలా గడిపారో తల్చుకుంటే ఇప్పటికీ బాధే. మాకు రావాల్సిన పాత బాకీలు కూడా మా నిర్మాణ సంస్థ చాలా ఆలస్యంగా ఇచ్చింది.

రాజమండ్రి_రవి
ఇది తెలియదండీ. నిజం బయటపడకపోవడానికి గురువారం కారణమన్నమాట.

నిజామాబాద్_నవీన్
అంతా బాగుంది గానీ ఈ లెక్కలనే నమ్మొచ్చా? దేశంలో 19.7 కోట్ల టీవీ ఇళ్లు. మీటర్లు పెట్టింది 44 వేల ఇళ్లలో. అంటే దాదాపు నాలుగున్నర వేల ఇళ్ల తరఫున ఒక ఇల్లు ఓటేస్తుంది. మా చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరింట్లోనూ మీటరు చూడలేదు.

స్లాట్_పాపారావు
చూసినా మీకు చెప్పకూడదు, ఆ ఇళ్ల వివరాలు గుట్టుగా ఉంచాలి. శాంపిల్ చిన్నదని భయపడక్కర్లేదు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చూస్తాం కదా. ఇంట్లో ముఖ్యంగా సంపాదించే మనిషి చదువు, ఇంట్లో ఉన్న వస్తువులు, ఊరి పరిమాణం ఇవన్నీ చూసి అన్ని రకాల ఇళ్లనీ ఎంచుతారు. ప్రతి ఛానల్ ఆడియోలో మన చెవికి వినపడని వాటర్‌మార్క్ ఉంటుంది, మీటరు దాన్ని పట్టుకుంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికి ఆ మీటరు రిమోట్ మీద ఒక్కో బటన్. కూర్చున్నప్పుడు నొక్కాలి, లేచినప్పుడు మళ్లీ నొక్కాలి.

నిజామాబాద్_నవీన్
మెతుకు సరే, ఆ మెతుక్కి ఎవరైనా డబ్బులిస్తే? అక్టోబర్ 8న ముంబై పోలీసులు చెప్పింది అదే కదా. మీటర్ ఉన్న ఇళ్లకి నెలకి నాలుగైదు వందలిచ్చి ఫలానా ఛానల్ పెట్టి ఉంచమన్నారని ఆరోపణ. పోయిన నెల బార్క్ మాజీ సీఈఓని కూడా అరెస్టు చేశారు.

స్లాట్_పాపారావు
ఆరోపణలు కోర్టులో తేలాలి, ఛానళ్లు కాదంటున్నాయి. కానీ మీ భయం న్యాయమైనదే. న్యూస్ ఛానళ్లకి చూసేవాళ్లు తక్కువ కాబట్టి కొన్ని ఇళ్లు అటూ ఇటూ అయినా ర్యాంకు తారుమారవుతుంది. పెద్ద సీరియల్‌ని అలా కదిపించాలంటే చాలా ఇళ్లు కావాలి. ఇంగ్లీష్ న్యూస్ ఒకటో స్థానం కంటే తెలుగు సీరియల్ ఒకటో స్థానాన్ని నేను ఎక్కువ నమ్ముతాను, నా క్లయింట్ల డబ్బు కూడా అలాగే పెట్టిస్తాను.

బిగ్‌బాస్_సిస్టర్
బిగ్‌బాస్ 4 గురించి ఒక్కరు కూడా అనలేదు, ఇది అన్యాయం. సెప్టెంబర్ 6 ఓపెనింగ్‌కి 18.5, డిసెంబర్ 20 ఫైనల్‌కి 19.51. నాగార్జున గారు, చిరంజీవి గారు ఒకే స్టేజీ మీద. అభిజిత్ గెలిచిన రోజు మా హాస్టల్ వాట్సాప్ గ్రూప్ పగిలిపోయింది.

రాజమండ్రి_రవి
ఓపెనింగ్, ఫైనల్ రెండే చెప్తారు. మధ్యలో మంగళ, బుధవారాల మాటేమిటి?

బిగ్‌బాస్_సిస్టర్
నాగార్జున గారు రాని రోజుల్లో తగ్గుతుంది, ఒప్పుకుంటా. మీరు మంగళ, బుధవారాలు అని అంత కచ్చితంగా అడుగుతున్నారంటే రోజూ చూశారన్నమాట.

రాజమండ్రి_రవి
ఇంట్లో పెడితే కనపడదా మరి.

బడిపంతులు_మెదక్
నేను సర్కారు బడిలో టీచర్‌ని. మీ లిస్టుల్లో లేని ఒక ప్రసారం గురించి చెప్తాను. సెప్టెంబర్ 1 నుంచి మా పిల్లలకి పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ ఛానల్ టీశాట్‌లో వస్తున్నాయి. ఒక్కో తరగతికి ఒక్కో టైమ్. ఒక ఇంట్లో అక్క తొమ్మిది, తమ్ముడు ఆరు. ఉన్నది ఒకటే గది, ఒకటే చిన్న టీవీ. అక్క పాఠం వస్తుంటే తమ్ముడు గడప మీద కూర్చుని పలక మీద గీసుకుంటున్నాడు. కరెంటు పోయింది. ఆ అమ్మాయి కదలకుండా నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని నల్లటి స్క్రీన్ వంకే చూస్తూ కూర్చుంది, వచ్చేస్తుందని. వచ్చేసరికి లెక్క అయిపోయి జవాబు మాత్రం బోర్డు మీద ఉంది. నాకు ఫోన్ చేసి "సార్, మధ్యలో ఏం చేశారు?" అని అడిగింది. ఫోన్లోనే మళ్లీ చెప్పాను.

ఈ పాఠాల టీఆర్పీ ఎంతో ఎవరూ వెతకరు. ప్రకటనలు ఉండవు కాబట్టి ఎవరికీ ఆ నంబర్‌తో పని లేదు. కానీ 2020లో టీవీ ఎవరికైనా నిజంగా తప్పనిసరి అయిందంటే ఈ పిల్లలకే.

పాత_యాంటెన్నా
పంతులు గారూ, చేతులెత్తి దండం.

వైజాగ్_వనజ
కరెంటు పోయినప్పుడు పోయిన పాఠం మళ్లీ చూసే వీలు లేదా?

బడిపంతులు_మెదక్
యూట్యూబ్‌లో పెడతారమ్మా. స్మార్ట్‌ఫోన్, డేటా ఉన్న ఇళ్లకి అది సాయం. లేని ఇళ్లకే టీవీ.

స్లాట్_పాపారావు
నేను పనిలో పడి ఈ కోణం ఎప్పుడూ ఆలోచించలేదు సార్. మాకు వచ్చే షీట్లలో యాడ్స్ అమ్మే టైమ్ ఎక్కడుందో అక్కడే కళ్లు ఆగుతాయి.

గోదారి_గట్టు
ఇంకొక్క ప్రశ్న పాపారావు గారూ. ఫోన్లో చూసింది ఈ లెక్కల్లోకి వస్తుందా? కిరణ్ గారు ఫోన్లో స్కోర్ చూశానన్నారు, మా తమ్ముడు హాట్‌స్టార్‌లోనే మ్యాచ్‌లన్నీ చూస్తాడు.

స్లాట్_పాపారావు
రాదండీ. బార్క్ టీఆర్పీ అంటే ఇంట్లో టీవీ సెట్ మాత్రమే. హాట్‌స్టార్, ఆహా, ప్రైమ్ ఎవరి లెక్క వాళ్లదే, వాళ్లు చెప్పినప్పుడే మనకి తెలుస్తుంది. సెప్టెంబర్‌లో నాని వి సినిమా నేరుగా ప్రైమ్‌లో వచ్చింది కదా, దాన్ని ఎంతమంది చూశారో టీఆర్పీలో పోల్చే దారే లేదు. టీ కొట్టు దగ్గర, హోటల్లో నిలబడి చూసిన మ్యాచ్ కూడా ఇళ్ల మీటర్లలో పడదు.

బన్నీ_ఫ్యాన్_వైజాగ్
అయితే ఓటీటీలో ఆర్నెల్లు ఉన్నాక కూడా టీవీలో 29.4 అంటే ఇంకా గొప్ప కదా?

స్లాట్_పాపారావు
అవును, అందులో అనుమానం లేదు. ఓటీటీలో వచ్చేస్తే టీవీ ప్రీమియర్ పడుకుంటుందని మా ఆఫీసులో చాలామంది భయపడ్డారు. ఆ ఒక్క సినిమాతో చాలామంది నోళ్లు మూతపడ్డాయి.

సూపర్‌స్టార్_గుంటూరు
సరే, ఈసారికి ఒప్పుకుంటున్నా. సర్కారు వారి పాట రానీ.

నిజామాబాద్_నవీన్
ఆ డబ్బుల గొడవ తర్వాత న్యూస్ రేటింగులు 12 వారాలు ఆపుతామని అక్టోబర్ 15న బార్క్ వాళ్లు అన్నారు. ఆ గడువు దగ్గరికొచ్చేసింది. మళ్లీ మొదలుపెడతారా?

స్లాట్_పాపారావు
మా దగ్గరికి ఇంకా ఏ కబురూ రాలేదు. ప్రస్తుతం న్యూస్ స్లాట్లు పాత డేటా చూసి, ఛానల్ వాళ్లతో బేరం ఆడి కొంటున్నాం.

నిజామాబాద్_నవీన్
రేటింగ్ లేని ఈ మూడు నెలల్లో చర్చల్లో అరుపులేమైనా తగ్గాయా అని గమనించాను. మా ఇంట్లో వచ్చే ఛానళ్లలో అయితే తగ్గలేదు.

డైలాగ్_డెస్క్
మా సీరియళ్లకి మాత్రం ఏ వారమూ ఆపలేదు. రేపు గురువారం.